వై నొక్కాలా, ఎన్ నొక్కాలా?

కిందటి సంచికలో లినక్స్ సర్వర్లని ఏళ్ల తరబడి అప్‌గ్రేడ్ చేయకుండా వదిలేయొద్దని రెండు ముక్కలు రాశాను. మాట విన్నవాళ్లు బాగానే ఉన్నట్టున్నారు, ఎందుకంటే ఉత్తరాలన్నిట్లో ఒకటే గోల: అప్‌గ్రేడ్ పెట్టాం, సగంలో ఆగి ఏదో అడిగింది, ఏం అడిగిందో అర్థం కాలేదు, ఏదో ఒకటి నొక్కేశాం. తప్పు నాదే, ఆ సంగతి అప్పుడే చెప్పాల్సింది. ఈసారి మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి ఇవే తీసుకుంటున్నా.

ప్రశ్న: నమస్తే మేడమ్. మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో ట్రైనీగా చేరి నాలుగు నెలలైంది. అమీర్‌పేటలో లినక్స్ కోర్సు చేశాను గానీ ఇలాంటిది అక్కడ ఎవరూ చూపించలేదు. పోయిన శనివారం రాత్రి రూమ్ నుంచే ఆఫీసు ఉబుంటు సర్వర్‌లోకి లాగిన్ అయి అప్‌గ్రేడ్ పెట్టాను. ఇంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ దగ్గర ఆగింది. ఈ కాన్ఫిగరేషన్ ఫైల్‌ని మీరో ఏదో స్క్రిప్టో మార్చారు, ప్యాకేజీ వాళ్లు కొత్తది పంపారు, ఏం చేయమంటారు అని అడిగి కింద వై, ఐ, ఎన్, ఓ, డి, జెడ్ అని ఆరు అక్షరాలు ఇచ్చింది. ఆ ఫైల్ నేనెప్పుడూ ముట్టుకోలేదు. మా సీనియర్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. జెడ్ పక్కన 'పరిస్థితి చూడటానికి' అన్నట్టు రాసి ఉంటే అది కొట్టాను. మామూలు ప్రాంప్ట్ వచ్చింది, అయిపోయిందనుకుని విండో మూసేశాను. ఇప్పుడు ఏ ప్యాకేజీ పెట్టబోయినా డీపీకేజీ మధ్యలో ఆగిపోయింది అంటోంది. ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం పోతుందా?
ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: పోదు. కానీ నాకు రాసేముందు మీ సీనియర్‌కి చెప్పాల్సింది. ఇప్పుడైనా చెప్పండి, ఆయన కూడా ఎప్పుడో ఒకప్పుడు ఇదే పని చేసి ఉంటారు.

జెడ్ కొడితే డీపీకేజీ, అంటే ప్యాకేజీలు పెట్టే ప్రోగ్రాం, కాస్త పక్కకి జరిగి మీ చేతికి ఒక షెల్, అంటే కమాండ్లు కొట్టే ప్రాంప్ట్, ఇస్తుంది. ఎక్కడికీ పోదు, వెనకాలే కూర్చుని ఉంటుంది. చూడాల్సింది చూసుకుని ఎగ్జిట్ అని కొడితే మళ్లీ అదే ప్రశ్న దగ్గరకి వస్తారు. మీరు విండో మూసేసరికి దాని పనీ ఆగిపోయింది. కొత్త ఫైళ్లు డిస్క్ మీదకి దిగాయి గానీ సర్దడం పూర్తి కాలేదు. 'సుడో డీపీకేజీ' అని కొట్టి ఒక ఖాళీ వదిలి, రెండు హైఫన్లు పెట్టి వాటికి అంటించి 'కాన్ఫిగర్', ఇంకో ఖాళీ, ఒక హైఫన్, చిన్న 'ఏ'. మీకొచ్చిన ఎర్రర్‌లోనే ఈ కమాండ్ రాసి ఉంటుంది, చూసుకుంటూ కొట్టండి. ఆగిన చోట నుంచి పని మొదలవుతుంది, అంటే శనివారం అడిగిన ప్రశ్నే మళ్లీ అడుగుతుంది, ఈసారి జవాబు చెప్పక తప్పదు.

ఆ ఫైల్ నేను ముట్టుకోలేదు అన్నారు, నమ్ముతాను. కానీ డీపీకేజీకి మీరెవరో తెలీదు, దానికి ఫైల్ ఒక్కటే తెలుసు. కాన్ఫిగరేషన్ ఫైల్ పెట్టినప్పుడల్లా దాని ఎండీ5 విలువ, వేలిముద్ర అనుకోండి, తన దగ్గర రాసి పెట్టుకుంటుంది. అప్‌గ్రేడ్ రోజున మూడు వేలిముద్రలు పక్కపక్కన పెట్టి చూస్తుంది: అప్పట్లో ప్యాకేజీతో వచ్చినదానిది, ఇవాళ డిస్క్ మీద ఉన్నదానిది, కొత్త ప్యాకేజీలో వచ్చినదానిది. వాళ్లు మార్చారు, మీ దగ్గర మారలేదు, అప్పుడు నోరెత్తకుండా కొత్తది పెట్టేస్తుంది. మీ దగ్గర మారింది, వాళ్లు మార్చలేదు, అప్పుడూ నోరెత్తదు, మీది అలాగే ఉంచుతుంది. రెండు వైపులా మారితేనే మిమ్మల్ని పిలుస్తుంది. కాబట్టి ప్రశ్న వచ్చిందంటేనే ఎవరో ఎప్పుడో ఆ ఫైల్‌లో చెయ్యి పెట్టారని అర్థం: మీకంటే ముందు పనిచేసినాయన కావచ్చు, సర్వర్‌ని మొదట సిద్ధం చేసిన ఆన్సిబుల్ స్క్రిప్టు కావచ్చు, క్లౌడ్ కంపెనీ ఇమేజ్‌లోనే అలా వచ్చి ఉండొచ్చు. ఒక్క ఖాళీ ఎక్కువైనా వేలిముద్ర మారిపోతుంది. ఎవరు మార్చారో తెలీదు గనక 'మీరో స్క్రిప్టో' అని గోడ మీద పిల్లిలా రాస్తుంది.

అద్దె ఇంటికి సున్నం వేయించడానికి ఓనర్ మేస్త్రీని పంపాడనుకోండి. గోడకి మేకులున్నాయి. అవి మీరు కొట్టారో మీకు ముందున్నవాళ్లు కొట్టారో మేస్త్రీకి తెలీదు, పీకేయనా ఉంచనా అని అడుగుతాడు. 'నేను కొట్టలేదు, పీకెయ్' అనేముందు ఆ మేకుకి ఏం వేలాడుతోందో చూస్తారుగా?

ఆరు అక్షరాలు చూసి ఆరు దారులనుకోవద్దు. వై అన్నా ఐ అన్నా ఒకటే, కొత్తది పెట్టమని. ఎన్ అన్నా ఓ అన్నా ఒకటే, ఉన్నది ఉంచమని. ఊరికే ఎంటర్ కొడితే ఎన్ కిందే లెక్క. డి అంటే తేడా చూపించమని, జెడ్ సంగతి మీకు అనుభవమే. నన్నడిగితే మొదట నొక్కాల్సింది ఎప్పుడూ డి.

డి నొక్కితే మీ సర్వర్‌లో ఇలాంటిదేదో కనపడుతుంది. ముందు మైనస్ గుర్తుతో 'వర్కర్ కనెక్షన్స్ 4096' అని ఒక లైను, దాని కిందే ప్లస్ గుర్తుతో 'వర్కర్ కనెక్షన్స్ 768' అని ఇంకో లైను. ఇంకాస్త కింద మైనస్‌తో 'క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ 20 ఎంబీ', దానికి జత ప్లస్ లైను లేదు. మైనస్‌వి మీ దగ్గర ఉన్నవి, ప్లస్‌వి కొత్తగా వచ్చినవి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, మైనస్ అంటే పాతబడింది, తీసేయాల్సింది అనుకుంటారు. కాదు, వై నొక్కితే పోయేవి అవి. ఆ 20 ఎంబీ లైను ఎగిరిపోతే ఇంజిన్‌ఎక్స్ తన సొంత లెక్కకి, అంటే 1 ఎంబీకి, దిగిపోతుంది. సోమవారం పొద్దున ఎవరో 3 ఎంబీల ఆధార్ స్కాన్ అప్‌లోడ్ చేయబోతే ఫైల్ మరీ పెద్దదని 413 ఎర్రర్ వస్తుంది. మీ డెవలపర్లు సాయంత్రం దాకా కోడ్‌లో వెతుక్కుంటారు, ఎందుకంటే కోడ్‌లో ఎవరూ ఏమీ మార్చలేదు. 768 అనేది డెబియన్, ఉబుంటు వాళ్లు మామూలుగా ఇచ్చే అంకె, దాన్ని 4096 చేశారంటే ఎవరో ఒక అవసరం చూసే చేసి ఉంటారు. కాబట్టి మీ కేసులో ఎన్.

ఆ తెర మీద ఎక్కడా రాయని ముక్క ఒకటుంది, నా కోపమంతా దాని మీదే. ఎన్ అంటే కొత్త ఫైల్ పారేయదు, పేరు చివర 'డాట్ డీపీకేజీ-డిస్ట్' తగిలించి పక్కనే పెడుతుంది. వై అంటే మీ పాత ఫైల్‌ని 'డాట్ డీపీకేజీ-ఓల్డ్' పేరుతో దాస్తుంది. ఎటు నొక్కినా వెనక్కి రావచ్చు. ఈ ఒక్క వాక్యం అక్కడ రాసి ఉంటే మీరు శనివారం రాత్రి హాయిగా పడుకునేవారు.

ఎన్ నొక్కి చేతులు దులుపుకోవడం కూడా కుదరదు. పాత ఫైల్‌లోని పద్ధతి కొత్త సాఫ్ట్‌వేర్‌కి అసలు అర్థం కాకపోవచ్చు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో డవ్‌కాట్ 2.4 ఉంది, 2.3 నాటి కాన్ఫిగరేషన్ దానికి పనికిరాదు, పాతది ఉంచుకుంటే మెయిల్ సర్వర్ లేవదు. అందుకని అప్‌గ్రేడ్ అయ్యాక రెండు ఫైళ్లూ ఒకసారి పక్కపక్కన పెట్టి, మీ మార్పుల్ని కొత్తదాంట్లోకి చేత్తో ఎక్కించి, రీస్టార్ట్ చేసేముందు ఇంజిన్‌ఎక్స్‌కి హైఫన్ చిన్న టి ఇచ్చి చూడండి, తప్పుంటే ఏ లైనులో ఉందో చెప్తుంది.

ఇక కోర్సులో ఎందుకు చూపించలేదంటారా, అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లలో ఎక్కువగా రెడ్‌హ్యాట్ మీద చెప్తారు, అక్కడ డీపీకేజీ పని చేసే ఆర్‌పీఎం అసలు అడగనే అడగదు. తన రూల్స్ ప్రకారం ఏదో ఒకటి చేసేసి, రెండోదాన్ని 'ఆర్‌పీఎం-న్యూ' అనో 'ఆర్‌పీఎం-సేవ్' అనో పక్కన పడేసి వెళ్లిపోతుంది. అడిగి భయపెట్టేవాడు మేలా, అడక్కుండా చేసేవాడు మేలా అంటే నేను అడిగేవాడి వైపే, కాకపోతే కాస్త అర్థమయ్యేలా అడగాలి.

ఒక మాట మర్చిపోయా. రూమ్ వైఫై మీద సర్వర్ అప్‌గ్రేడ్ పెట్టేటప్పుడు టీమక్స్‌లోనో స్క్రీన్‌లోనో పెట్టండి. విండో మూసుకున్నా, రూమ్‌లో కరెంటు పోయినా పని అక్కడ నడుస్తూనే ఉంటుంది, తర్వాత వెళ్లి మళ్లీ అంటుకోవచ్చు.

ప్రశ్న: మీరు అందరికీ పాతదే ఉంచుకోమంటారు, ఇదివరకు కూడా ఒకసారి రాశారు. కొత్త ఫైల్‌లో సెక్యూరిటీ మార్పులు ఉంటాయి కదా? నేను ఎప్పుడూ వై కొడతాను, ఇంతవరకు ఏమీ కాలేదు.
ఒక పాఠకుడు, ఈసీఐఎల్

జవాబు: మీరు చెప్పింది సగం నిజం, కొత్త ఫైల్‌లో మంచి మార్పులు ఉండొచ్చు. 'ఇంతవరకు ఏమీ కాలేదు' అనే మాట నేను కూడా అనేదాన్ని.

ఉబుంటు 16.04 నుంచి 18.04కి మారుస్తున్న రోజులవి. ఒక క్లయింటు సర్వర్, గచ్చిబౌలి వైపు ఒక డేటా సెంటర్‌లో ఉండేది. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అవ్వడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ కాన్ఫిగరేషన్ దగ్గర ప్రశ్న వచ్చింది, రాత్రి పన్నెండు దాటింది, అప్పటికి అలాంటివి నాలుగైదు వచ్చాయి, విసుగొచ్చి కొత్తది పెట్టమన్నాను. ఆ సర్వర్‌లో ఎస్ఎస్‌హెచ్ మామూలుగా ఉండే 22లో కాదు 2222 పోర్టులో, అంటే ఇంకో తలుపు నంబరు దగ్గర, ఉండేది, ఫైర్‌వాల్ కూడా 2222 ఒక్కటే వదిలేది, ఆ మార్పు రెండేళ్ల కిందట చేసింది నేనే. కొత్త ఫైల్ రాగానే ఎస్ఎస్‌హెచ్ వెళ్లి 22లో కూర్చుంది. ఉన్న సెషన్ మాత్రం తెగలేదు, రీస్టార్ట్ చేసినా అప్పటికే కలిసి ఉన్న సెషన్ బతికే ఉంటుంది, అదే మోసం చేసింది. అన్నీ బాగున్నాయనుకుని రీబూట్ ఇచ్చాను. తర్వాత లోపలికి పోలేను. అప్‌గ్రేడ్ మొదట్లో ఉబుంటు 1022 పోర్టులో ఇంకో ఎస్ఎస్‌హెచ్ తెరుస్తున్నాను, ఫైర్‌వాల్‌లో దారి వదలండి అని చెప్పింది కూడా, నేను వదల్లేదు, వదిలినా రీబూట్ తర్వాత అది ఉండేది కాదనుకోండి. వానలో మెహిదీపట్నం నుంచి ఆటో మాట్లాడుకుని డేటా సెంటర్‌కి పోయి, కీబోర్డు మానిటర్ తగిలించిన ట్రాలీ అడిగి తెప్పించుకుని, ఒక్క లైను మార్చి వచ్చాను. ఆటో అబ్బాయి గంటన్నర ఆగి, "ఇంతకీ లోపల ఏం రిపేరు మేడమ్" అన్నాడు. ఒక నంబరు అన్నాను.

అప్పట్నుంచి రెండు పద్ధతులు పెట్టుకున్నా. ఎస్ఎస్‌హెచ్ జోలికి పోయినప్పుడు ఉన్న విండో మూయకుండా, రెండో విండోలో కొత్తగా లాగిన్ అయి చూశాకే మొదటిది వదలడం, రీబూట్ అయినా సరే దాని తర్వాతే. రెండోది, అసలు ఫైల్‌నే ముట్టుకోకపోవడం. ఇప్పుడొచ్చే డెబియన్, ఉబుంటుల్లో ఈటీసీ అనే సెట్టింగ్‌ల ఫోల్డర్‌లో ఎస్ఎస్‌హెచ్ కింద 'ఎస్ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ డాట్ డి' అని ఫోల్డర్ ఉంటుంది, మన మార్పులు చిన్న ఫైల్‌గా అందులో పెడితే చాలు. అసలు ఫైల్ వేలిముద్ర మారదు, ప్రశ్న రాదు, వాళ్ల సెక్యూరిటీ మార్పులు వాటంతటవే వస్తాయి. మీకు కావాల్సిందీ అదే కదా. ఒక్క జాగ్రత్త, ఎస్ఎస్‌హెచ్‌లో ఒకే సెట్టింగ్ రెండు చోట్ల ఉంటే మొదట కనపడిందే చెల్లుతుంది. క్లౌడ్ సర్వర్లలో ఆ ఫోల్డర్‌లో ఇదివరకే 50తో మొదలయ్యే ఫైల్ ఉంటే మీ ఫైల్ పేరు 10తో మొదలుపెట్టండి.

అన్నట్టు ఎస్ఎస్‌హెచ్ ప్రశ్న ఆరు అక్షరాల రూపంలో రాదు, రంగు తెర మీద మెనూలా వస్తుంది. అది అడిగేది యూసీఎఫ్ అనే ఇంకో ప్రోగ్రాం. విషయం అదే, మాటలు వేరు, పక్కన పెట్టే ఫైళ్ల పేర్లు కూడా వేరు, 'యూసీఎఫ్-డిస్ట్', 'యూసీఎఫ్-ఓల్డ్' అని ఉంటాయి. ఒకే పనికి రెండు వేషాలు ఎందుకో అని మనం జుట్టు పీక్కోవడం తప్ప చేసేదేం లేదు.

ప్రశ్న: ఉప్పల్ దగ్గర జూనియర్ కాలేజీలో ల్యాబ్ చూస్తాను. 30 ఉబుంటు సిస్టమ్స్. సెలవుల్లో అన్నీ అప్‌గ్రేడ్ చేద్దామని కూర్చుంటే ఒక్కోటి ఒక్కో చోట ఆగి ప్రశ్నలు. అటెండర్ చేత ఎంటర్ కొట్టిస్తున్నాను. అసలు అడక్కుండా చేయలేమా? నెట్‌లో చూసి డెబియన్ ఫ్రంటెండ్ అనే వేరియబుల్ నాన్‌ఇంటరాక్టివ్ అని పెట్టాను, అయినా కొన్ని అడుగుతూనే ఉన్నాయి.
ఒక లెక్చరర్, ఉప్పల్

జవాబు: అడిగేవాళ్లు ఇద్దరు సార్, మీరు ఒకరి నోరే కట్టారు. నీలం తెరలో, ఉబుంటు అయితే ఊదా తెరలో, పెట్టెలా వచ్చే ప్రశ్నలు డెబ్‌కాన్ఫ్ అనే ప్రోగ్రాంవి. మీరు పెట్టిన వేరియబుల్ వాటికే పనిచేస్తుంది, ప్రతి ప్రశ్నకీ ఉన్న మామూలు జవాబు తీసుకుని ముందుకు పోతుంది. నల్ల తెర మీద ఆరు అక్షరాలతో వచ్చేది డీపీకేజీ స్వయంగా అడిగేది, దానికి డెబ్‌కాన్ఫ్‌తో సంబంధం లేదు. స్క్రిప్టులో పెట్టి, మనిషెవరూ లేకుండా నడిపితే ఇంకా అన్యాయం, జవాబు చెప్పేవాళ్లు దొరక్క ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

దానికి విడిగా చెప్పాలి. ఈటీసీలో ఆప్ట్ కింద 'ఆప్ట్ డాట్ కాన్ఫ్ డాట్ డి' ఫోల్డర్‌లో చిన్న ఫైల్ పెట్టి, డీపీకేజీ ఆప్షన్లుగా 'ఫోర్స్-కాన్ఫ్‌డెఫ్', 'ఫోర్స్-కాన్ఫ్‌ఓల్డ్' రెండూ ఇవ్వండి. మొదటిది మామూలు జవాబు ఉన్నచోట అదే తీసుకోమంటుంది, రెండోది అలాంటి జవాబు లేనిచోట పాతది ఉంచమంటుంది. రెండూ ఇస్తే నోరు పూర్తిగా మూతపడుతుంది. ఇంకోటి, వేరియబుల్‌ని ముందు ఎక్స్‌పోర్ట్ చేసి తర్వాత సుడో అంటే సుడో దాన్ని లోపలికి రానివ్వకపోవచ్చు, అందుకే సుడో అన్న తర్వాత రాయాలి.

కానీ 30కి 30 ఒకేసారి కళ్లు మూసుకుని చేయొద్దు. ఒక్క సిస్టమ్‌ని మనిషి కూర్చుని చేయాలి, ఏయే ప్రశ్నలు వచ్చాయో కాగితం మీద రాసుకోవాలి, ల్యాబ్ అంతా ఒకేలా ఉంటుంది గనక మిగతా 29 అవే అడుగుతాయి. ఆ కాగితం చూశాక నోరు కట్టేయండి. అటెండర్‌ని వేరే పని చూసుకోమనండి.

ప్రశ్న: రిటైరై ఆరేళ్లైంది. పార్క్‌లేన్ సీటీసీలో సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కొనుక్కుని డెబియన్ వాడుతున్నాను. మొన్న అప్‌డేట్‌లో గ్రబ్ ఏ డిస్క్‌లో పెట్టాలి అని లిస్టు వచ్చింది. ఎంటర్ కొట్టాను. ఏదీ ఎంచుకోలేదు, గ్రబ్ పెట్టకుండానే పోదామా అంది. ఎస్ అన్నాను. ఇప్పుడు సిస్టమ్ ఆఫ్ చేయాలంటే భయంగా ఉంది, రెండు రోజులుగా ఆన్‌లోనే ఉంచాను. మా ఆవిడ కరెంటు బిల్లు గురించి అడుగుతోంది.
ఒక పాఠకుడు, మల్కాజ్‌గిరి

జవాబు: ఆఫ్ చేయండి సార్, చాలామటుకు లేస్తుంది. గ్రబ్ అంటే సిస్టమ్ ఆన్ కాగానే లినక్స్‌ని లేపే ప్రోగ్రాం, ఏ డిస్కూ ఎంచుకోలేదు గనక పాతది ఎక్కడిదక్కడే ఉంది. నిజంగా ప్రమాదం ఎప్పుడంటే తప్పు డిస్క్ ఎంచుకున్నప్పుడు: కొత్త గ్రబ్ సామాను బూట్ ఫోల్డర్‌లోకి వచ్చేస్తుంది, బూట్ అయ్యే డిస్క్ మొదట్లో మాత్రం పాత గ్రబ్బే ఉంటుంది, రెండిటికీ పొసగక సిస్టమ్ గ్రబ్ రెస్క్యూ దగ్గర ఆగిపోతుంది.

అయినా ఆఫ్ చేసేముందే సరిచేసుకుంటే మనశ్శాంతి. పెన్‌డ్రైవ్ ఏదన్నా ఉంటే తీసేయండి, లిస్టులో అది కూడా కనపడి తికమక పెడుతుంది. 'సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీ' అని కొట్టండి. మధ్యలో ఒకటి రెండు వేరే ప్రశ్నలు వస్తాయి, వాటిని ఉన్నవున్నట్టు వదిలి ఎంటర్ కొట్టండి. డిస్కుల లిస్టు వచ్చినప్పుడు ఆగండి. బాణం కీతో డిస్క్ మీదకి వెళ్లి స్పేస్ బార్ నొక్కాలి, చదరపు బ్రాకెట్లలో నక్షత్రం గుర్తు పడుతుంది. ఆ తర్వాత ట్యాబ్ కొడితే ఓకే మీదకి వెళ్తుంది, అప్పుడు ఎంటర్. మీరు ఎంటర్ నేరుగా కొట్టారు, ఎంటర్ ఎంచుకోదు, ఉన్నదానికి సరే అని సంతకం పెట్టడమంతే. స్పేస్ నొక్కాలని ఆ తెర మీద చెప్పరు, ఈ తెరలు తయారుచేసినవాళ్లకి అది పుట్టుకతో తెలుసేమో.

ఏ డిస్క్ అంటే, చివర అంకె లేనిది. ఎస్‌డీఏ ఎంచుకోండి, ఎస్‌డీఏ1 కాదు. అంకె ఉన్నది డిస్క్‌లో ఒక భాగం, లేనిది మొత్తం డిస్క్. ఒకటే డిస్క్ ఉంటే ఆలోచించేదేం లేదు.

ప్రశ్న: ఉబుంటు 22.04 సర్వర్‌లో ప్రతిసారీ ఊదా రంగు తెర వచ్చి ఏ సర్వీసులు రీస్టార్ట్ చేయాలి అని అడుగుతోంది. కొన్నిటికి గుర్తు ఉంది, కొన్నిటికి లేదు. ఏం చేయాలి?
ఒక పాఠకురాలు, బేగంపేట

జవాబు: అడిగేది నీడ్‌రీస్టార్ట్ అనే ప్రోగ్రాం. లైబ్రరీలు కొత్తవి వచ్చాయి, నడుస్తున్న సర్వీసులు మాత్రం మెమరీలో పాతవే పట్టుకుని ఉన్నాయి, రీస్టార్ట్ చేస్తేనే కొత్తవి అందుకుంటాయి. గుర్తు లేనివి కావాలనే వదిలేసినవి, మధ్యలో ఆపితే ఇబ్బందయ్యేవి, వాటికి మీరు గుర్తు పెట్టొద్దు. ట్యాబ్, ఎంటర్. లిస్టులో డేటాబేస్ ఉండి ఆఫీసు నడుస్తున్న టైమైతే దాని గుర్తు తీసేసి రాత్రికి చేసుకోండి.

ప్రశ్న: మేడమ్, నేను తెలుగు మీడియం. ఈ ప్రశ్నలు తెలుగులో వస్తే ఇంత టెన్షన్ ఉండదు కదా, ఎందుకు రావు?
ఒక విద్యార్థిని, వనస్థలిపురం

జవాబు: డెబ్‌కాన్ఫ్ ప్రశ్నలని ఏ భాషలోకైనా అనువదించుకునే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది, చేసే చేతులే తక్కువ. మన హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ వాళ్లు లినక్స్‌ని తెలుగులోకి తెచ్చే పని చేశారు, ఆసక్తి ఉంటే అలాంటివాళ్లతో కలవండి. కాకపోతే ఇంకో అడ్డంకి ఉంది. సర్వర్‌కి నేరుగా మానిటర్ తగిలిస్తే వచ్చే నల్ల తెర ఉందే, లినక్స్ కన్సోల్, అది ఒక ఫాంట్‌లో 512 ఆకారాలకి మించి పెట్టుకోలేదు, పైగా అక్షరాలని వరసగా పేర్చడమే గానీ కలపడం రాదు. మన గుణింతాలు, వత్తులు దానికి ఎక్కడ లొంగుతాయి? డెస్క్‌టాప్‌లో తెరిచే టెర్మినల్‌లో అయితే కొంత నయం.

కానీ నిజం చెప్పాలంటే ఉన్న ఇంగ్లీషుని ఉన్నట్టు తెలుగు చేసినా మీ టెన్షన్ తగ్గదు, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకే అది అర్థం కావట్లేదని ఈ ఉత్తరాలు చూస్తే తెలుస్తోంది కదా. 'ప్యాకేజీ మెయింటెయినర్ వెర్షన్' అంటే మొదటిసారి చూసినవాళ్లకి ఎవరి వెర్షన్? నన్ను రాయమంటే ఇలా రాస్తా: "ఈ ఫైల్‌ని ఇదివరకు ఎవరో మార్చారు. కొత్త ప్యాకేజీలో ఇది ఇంకోలా ఉంది. ఉన్నది ఉంచితే కొత్తదాన్ని పక్కన దాస్తాను. కొత్తది పెడితే ఉన్నదాన్ని పక్కన దాస్తాను. ఏదీ పారేయను. ముందు తేడా చూస్తారా?" మీరు అనువాదానికి దిగితే ఇది వాడుకోండి, నా పేరు వేయక్కర్లేదు.

ప్రశ్న: డి కొడితే స్క్రీన్ నిండా ఏదో వచ్చి కింద ఎండ్ అని ఆగిపోయింది. ఎంటర్ పనిచేయదు, ఎస్కేప్ పనిచేయదు, ఎగ్జిట్ అని కొడితే ఏదేదో అవుతోంది. విండో మూయొద్దని మా అన్నయ్య అంటున్నాడు. ఈ మెయిల్ రాసేసరికి గంటైంది.
ఒక పాఠకురాలు, బోడుప్పల్

జవాబు: చిన్న క్యూ నొక్కండి. ఎంటర్ అక్కర్లేదు.